ఇంగ్లిష్ హోటల్లో ‘మికాడో’: ఇంట్లో చూడబోయే కుటుంబానికి

జపాన్‌లో జరిగినట్టు రాసిన ‘ది మికాడో’ అనే ఇంగ్లిష్ హాస్య సంగీత నాటకాన్ని ఇంగ్లండ్ సముద్రతీరంలోని ఒక హోటల్లోకి మార్చి దర్శకుడు జోనథన్ మిల్లర్ చేసిన ప్రదర్శన వీడియోను ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలనుకుంటున్నట్టు రాశారు. దానికి ముందు పాత పద్ధతి ప్రదర్శన ఒకటి చూసి తీరాలా, కథాస్థలాన్ని ఇలా మార్చడం అసలు రచనకు అన్యాయం కాదా, పాశ్చాత్య సంగీతం అలవాటు లేని పెద్దవాళ్లకూ పన్నెండేళ్ల అమ్మాయికీ ఇది నచ్చుతుందా అన్నవి మీ మూడు సందేహాలు. ఇటువంటి హాస్య సంగీత నాటకాలను చాలాకాలంగా రంగస్థలం మీదా ఇంట్లో తెర మీదా చూస్తున్న అనుభవంతో నాకు తోచింది చెబుతాను. పాత ప్రదర్శనను ముందుగా చూడనవసరం లేదు. పాటల మాటలు మాత్రం ముందుగా చదవాలి. ఆ పని చేసినవారికి మిల్లర్ ప్రదర్శనలో ప్రతి మార్పూ ఎందుకు చేశారో దానంతటదే బోధపడుతుంది. చేయనివారికి తెల్లని దుస్తుల్లో చక్కగా నృత్యం చేసే మనుషులు తప్ప మరేమీ మిగలకపోవచ్చు.

మొదట రచన గురించి కొంత చెప్పాలి. మాటలు డబ్ల్యూ. ఎస్. గిల్బర్ట్‌వి, సంగీతం ఆర్థర్ సలివాన్‌ది. 1885 మార్చి 14న లండన్‌లోని సావాయ్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. ఆ మొదటి విడతలోనే 672 ప్రదర్శనలు జరిగాయి. ఆపెరాలో సాధారణంగా మొదటి నుంచి చివరిదాకా పాడుతూనే ఉంటారు. ‘మికాడో’ వంటి ఆపరెట్టాలో అలా కాదు, పాత్రలు మామూలుగా మాట్లాడుకుంటాయి, సందర్భం ముదిరినప్పుడు పాట అందుకుంటాయి. సంభాషణ మధ్యలో నటుడు పద్యం ఎత్తుకునే నాటకాలు చూసి పెరిగిన మన పెద్దవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అందువల్ల ‘ఆపెరా మనకు ఎక్కదు’ అన్న బెరుకును ముందే పక్కన పెట్టమని వారికి చెప్పండి.

ఇక కథ. టిటిపు అనే ఊరిలో సరసమాడితే మరణశిక్ష అని చక్రవర్తి మికాడో చట్టం చేశాడు. ఆ చట్టం నుంచి తప్పించుకోవడానికి ఊరి పెద్దలు ఒక ఉపాయం పన్నారు. సరసమాడినందుకు తల తీయించుకోవలసిన వరుసలో ముందున్న కో-కో అనే చిన్న దర్జీని జైలు నుంచి తీసుకొచ్చి, అతన్నే ప్రధాన తలారిగా నియమించారు. తన వంతు ముందుంది కాబట్టి, తన తల తాను నరుక్కునే వరకు అతడు ఇంకొకరి తల నరకడానికి వీలులేదు. చట్టం చట్టంగానే ఉంది, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. మిగిలిన పెద్ద అధికారులందరూ ఒక దర్జీ కింద పనిచేయలేమని రాజీనామా చేస్తే, ఆ పదవులన్నీ పూ-బా అనే ఒక్క వంశాభిమాని చేతికి, జీతాలతో సహా, వచ్చాయి. అక్కడికి నాంకి-పూ అనే గాయకుడి వేషంలో చక్రవర్తి కొడుకే వస్తాడు. తనను పెళ్లాడతానని పట్టుబట్టిన కటీషా అనే వయసు మళ్లిన ఆస్థాన స్త్రీ నుంచి పారిపోయి వచ్చాడు. అతడు ప్రేమించిన యమ్-యమ్‌ను ఆమె సంరక్షకుడైన కో-కోయే పెళ్లాడబోతున్నాడు. ఇంతలో, ఏడాదిగా ఒక్క శిక్ష కూడా అమలు కాలేదేమని, నెలలోగా ఒకరి తల తీయకపోతే తలారి పదవిని రద్దుచేసి ఊరి హోదాను గ్రామంగా తగ్గిస్తామని చక్రవర్తి నుంచి తాఖీదు వస్తుంది. యమ్-యమ్ దక్కలేదని ఉరిపోసుకోబోతున్న నాంకి-పూ, ఆమెతో ఒక నెల సంసారం చేయనిస్తే ఆ తరువాత తన తల ఇస్తానని ఒప్పుకుంటాడు. ఇంతవరకు చాలు, మిగిలింది తెర మీద చూడండి. ముగింపులో కో-కో చక్రవర్తి ముందు చేసే వాదనను మాత్రం జాగ్రత్తగా వినండి.

ఈ కథలో నవ్వు పుట్టేది ఎక్కడో చూడండి. అర్థం లేని చట్టాన్ని ఎవరూ ఎదిరించరు, అందరూ దానికి అక్షరాలా లోబడుతూనే దాన్ని పనిచేయకుండా చేస్తారు. కో-కో తన పెళ్లి ఖర్చు గురించి పూ-బాను సలహా అడిగే సన్నివేశం ఉంది. ఆంతరంగిక కార్యదర్శిగా అడిగితే, డబ్బు ఊరిదే కనుక వెనకాడవద్దంటాడు. ఆర్థికమంత్రిగా అడిగితే పొదుపు పాటించాలంటాడు. ఆర్థికమంత్రికి వినబడకుండా కాస్త ఇటు రమ్మని కో-కో పక్కకు పిలిచి మరో హోదాలో అడిగితే ఇంకో సలహా ఇస్తాడు. ప్రధాన న్యాయమూర్తిగా అది నేరమని కూడా తానే చెబుతాడు. ఒకే అధికారి నాలుగు శాఖలకు పూర్తి అదనపు బాధ్యతలు చూడటం, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు తానే లేఖ రాసుకుని తానే జవాబు ఇచ్చుకోవడం తెలిసిన మనకు ఈ సన్నివేశాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఇందులో జపాన్ ఏమాత్రం లేదు. గిల్బర్ట్ నాటకం మొదలుపెట్టక ముందు న్యాయవాదిగా కొంతకాలం పనిచేశాడు, అంతకన్నా ముందు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నాడు. ఆయన ఎగతాళి చేసింది తాను దగ్గరగా చూసిన విక్టోరియా కాలపు ఇంగ్లిష్ అధికార వర్గాన్నే.

అలాంటప్పుడు జపాన్ ఎందుకు వచ్చింది? ఆ రోజుల్లో లండన్‌కు జపాన్ వస్తువుల మీద విపరీతమైన మోజు. 1885 జనవరిలో నైట్స్‌బ్రిడ్జ్ ప్రాంతంలో జపనీస్ గ్రామం పేరుతో ఒక ప్రదర్శన తెరిచారు. అక్కడ పనిచేసే జపాన్ స్త్రీలను సావాయ్‌కి రప్పించి నటీమణులకు నడక, విసనకర్ర పట్టుకునే తీరు నేర్పించారు. నాటకంలోనే, యువరాజు విదేశాలకు వెళ్లాడని చెబుతూ చిరునామా అడిగితే నైట్స్‌బ్రిడ్జ్ అని చెప్పే మాట ఉంది. దుస్తులు, పట్టు తెరలు జపాన్ నుంచి అరువు తెచ్చుకున్నవి. లోపలి మనుషులు ఆద్యంతం ఇంగ్లిష్‌వాళ్లు. ఈ నాటకంలోని పరిహాసమంతా ఇంగ్లిష్‌వారికే వర్తిస్తుందని ఇంగ్లిష్ రచయిత జి. కె. చెస్టర్టన్ కూడా అభిప్రాయపడ్డాడు. అయినా 1907లో జపాన్ యువరాజు ఫుషిమి లండన్ వచ్చినప్పుడు, అతిథికి ఇబ్బంది కలుగుతుందేమోనని అధికారులు కొన్ని వారాలపాటు ఈ నాటకాన్ని నిషేధించారు. ఎవరినీ ఉద్దేశించని చట్టాన్ని అందరూ భయపడుతూ పాటించే కథకు, ఆ కథలో జరిగినట్టే జరిగింది.

మిల్లర్ ప్రదర్శన ఎందుకంత సంచలనం అయిందో తెలియాలంటే, దానికి ముందు ఎంతకాలం ఏ మార్పూ లేకుండా సాగిందో తెలియాలి. గిల్బర్ట్ 1911లో మరణించాడు. ఆనాటి బ్రిటిష్ చట్టం ప్రకారం ఆయన రచనల మీద హక్కులు 1961 చివరిదాకా ఉన్నాయి. అప్పటివరకు బ్రిటన్‌లో ఈ నాటకాలను వృత్తి నాటక సంస్థగా ఆడే అధికారం డోయ్లీ కార్ట్ కంపెనీ చేతిలోనే ఉండేది. ఆ సంస్థ గిల్బర్ట్ నిర్దేశించిన కదలికలను, నిలుచునే భంగిమలను ఒక తరం నటుల నుంచి మరో తరం నటులకు అప్పగిస్తూ వచ్చింది. ఆ నిష్ఠను నేను గౌరవిస్తాను. కానీ ఒక పరిహాసాన్ని అదే విరామంతో, అదే చేతి విసురుతో ఎనభై ఏళ్లు చెబుతూ పోతే, ప్రేక్షకుడు పరిహాసానికి నవ్వడం మాని, తనకు తెలిసిన కదలిక సరిగ్గా వచ్చినందుకు సంతోషించడం మొదలుపెడతాడు. అమెరికాలో ఆ అడ్డంకి లేదు. అందుకే 1938లోనే షికాగోలో ప్రభుత్వ నాటక పథకం కింద నల్లజాతి నటులతో ‘స్వింగ్ మికాడో’ వచ్చింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో పేరున్న నర్తకుడు బిల్ రాబిన్సన్ చక్రవర్తిగా నర్తించిన ‘హాట్ మికాడో’ వచ్చింది. డోయ్లీ కార్ట్ సంస్థ 1982లో మూతపడింది. నాలుగేళ్లకు, 1986 సెప్టెంబరులో, ఇంగ్లిష్ నేషనల్ ఆపెరా సంస్థ కోసం లండన్ కొలీజియంలో మిల్లర్ తన ‘మికాడో’ను నిలబెట్టాడు.

మిల్లర్ చదువుకున్నది వైద్యం. కేంబ్రిడ్జ్‌లో ఉండగానే హాస్య నటుడిగా పేరు తెచ్చుకుని, తరువాత దర్శకుడయ్యాడు. ఆయన ఈ నాటకం నుంచి కిమోనోలను, విసనకర్రలను, చెర్రీ పూలను పూర్తిగా తీసేశాడు. స్టెఫానోస్ లజారిడిస్ వేసిన రంగాలంకరణ 1920, 30ల నాటి ఒక ఖరీదైన సముద్రతీరపు హోటల్. గోడల నుంచి సామాను వరకు అంతా తెలుపు, మీగడ రంగు. సూ బ్లేన్ రూపొందించిన దుస్తుల్లో నలుపు, తెలుపులే ప్రధానం. హోటల్ పరిచారికలు, కుర్రాళ్లు సందు దొరికినప్పుడల్లా, బూట్లతో నేల మీద తాళం వేసే ట్యాప్ నృత్యం చేస్తారు. ఆ నృత్యాలు సమకూర్చింది ఆంథొనీ వాన్ లాస్ట్. యమ్-యమ్, ఆమె ఇద్దరు చెల్లెళ్లు ఇంగ్లిష్ బాలికల పాఠశాల యూనిఫాంలో వస్తారు. చక్రవర్తి మహాకాయుడు, భారీ తెల్ల సూటు వేసుకున్న పెద్దమనిషి. అమెరికన్ హాస్యనటులైన మార్క్స్ సోదరుల 1933 నాటి సినిమా ‘డక్ సూప్’లోని పిచ్చి రాజ్యం తనకు ప్రేరణ అని మిల్లర్ చెప్పాడు. చూస్తున్నప్పుడు ఆ పోలిక వెంటనే తెలుస్తుంది.

అయితే గిల్బర్ట్ మాటల్లో జపాన్ ప్రస్తావనలను మిల్లర్ తుడిచివేయలేదు. తాము జపాన్ పెద్దమనుషులమని బృందం పాడుతుంది. పాడుతున్నవారు మాత్రం నిలువెల్లా ఇంగ్లిష్ పెద్దమనుషులు. మొదటి పాట దగ్గరే చూసేవాడు గందరగోళపడతాడు, మరుక్షణం నవ్వుతాడు, ఆ నవ్వులోనే నాటకం అసలు ఎవరి గురించో అర్థమవుతుంది. గిల్బర్ట్ 1885లో పట్టు తెర వెనుక దాచిపెట్టిన దాన్ని మిల్లర్ తెర తీసి చూపించాడు. రచనకు అన్యాయం జరిగిందా అన్న మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే. అన్యాయం జరగలేదు సరికదా, ఆ రచన ఏం చెబుతోందో ఇంత స్పష్టంగా చూపించిన ప్రదర్శనను నేను మరొకటి చూడలేదు.

ఆధునికీకరణ అన్న ఒక్క మాట కింద వేర్వేరు పనులు జరుగుతుంటాయి, వాటిని విడదీసి చూడటం అవసరం. మిల్లర్ మార్చింది కథాస్థలాన్ని. సంగీతం, మాటలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. 1980లో జోసెఫ్ పాప్ న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఆడించిన, గిల్బర్ట్, సలివాన్‌లదే మరో నాటకం ‘ది పైరేట్స్ ఆఫ్ పెన్‌జాన్స్’ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ సముద్రపు దొంగలు దొంగల్లాగే ఉన్నారు, ఊరు కార్న్‌వాల్ తీరంలోనే ఉంది, మారింది ధ్వని. తంత్రీవాద్యాల బృందాన్ని తగ్గించి సింథసైజర్లనే ఎలక్ట్రానిక్ వాద్యాలు పెట్టారు, లిండా రాన్‌స్టాట్ వంటి జనప్రియ గాయనిని నాయికగా తీసుకున్నారు, కెవిన్ క్లైన్ దొంగల రాజుగా రంగస్థలమంతా గంతులు వేశాడు. నాకు అది కూడా ఇష్టమే, ఎందుకంటే గిల్బర్ట్ మాట ఒక్కటి కూడా అందులో మసకబారలేదు. మూడో రకం దర్శకుడు రచననే విప్పి తిరిగి కుట్టేది. 2001లో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో హన్స్ నోయెన్‌ఫెల్స్ యోహాన్ స్ట్రాస్ ‘డీ ఫ్లెడర్‌మౌస్’ను ఫాసిజం తలెత్తుతున్న కాలంలోకి మార్చాడు, సంభాషణలు మార్చాడు, విందులో మద్యానికి బదులు కొకైన్ పెట్టాడు, ప్రేక్షకులు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. ఆ ప్రదర్శనలో ఆలోచన ఉంది, కోపం ఉంది, కానీ స్ట్రాస్ వాల్ట్జ్ నృత్య సంగీతం మొదలైనప్పుడు అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియక నిలిచిపోతుంది. ఆపరెట్టాకు కొత్తగా వచ్చే కుటుంబం అటువంటి వాటితో ఎంతమాత్రం మొదలుపెట్టకూడదు.

జపాన్‌వారిని కించపరిచే నాటకమన్న వివాదం గురించి కూడా మీ అమ్మాయికి ముందే చెప్పడం మంచిదని నేను అనుకుంటాను. తెల్లజాతి నటులు కళ్లకు రంగు పూసుకుని, విగ్గులు పెట్టుకుని, తూర్పు దేశాల మనుషుల్లా నటించడం వంద ఏళ్లకు పైగా ఈ నాటకంలో ఆనవాయితీగా సాగింది. 2014లో సియాటిల్‌లో దాని మీద పెద్ద చర్చ జరిగింది. 2015లో న్యూయార్క్‌లోని ఒక గిల్బర్ట్-సలివాన్ నాటక సంస్థ ఆసియన్ అమెరికన్ కళాకారుల అభ్యంతరంతో తన ప్రదర్శనను విరమించుకుని, మరుసటి సంవత్సరం కొత్త రూపంలో తిరిగి తెచ్చింది. మరోవైపు, 2001లో జపాన్‌లోని చిచిబు పట్టణంవారే ఈ నాటకాన్ని జపనీస్‌లో ఆడుకున్నారు. ఈ రెండూ నిజాలే. మిల్లర్ పద్ధతిలో ముఖాలకు రంగు పూసే అవమానం తొలగిపోయింది. పాత్రల పేర్లు మాత్రం మిగిలాయి. అవి జపాన్ పేర్లు కావు, ఇంగ్లిష్ పిల్లల గదిలో వినబడే ముద్దుమాటలను జపాన్ పేర్లుగా చలామణి చేసినవి. ఆ మేరకు అభ్యంతరం మిగిలే ఉందని అనేవారి మాటను నేను కాదనను. ఇంకా ఘోరమైన సంగతి ఒకటుంది. గిల్బర్ట్ అసలు పాఠంలో రెండు చోట్ల నల్లజాతివారిని ఉద్దేశించిన నీచమైన పదం ఉండేది. 1948లో దాన్ని తొలగించి వేరే మాటలు రాయించారు. పాత పుస్తకం మీ చేతికి వస్తే ఆ పదం కనబడవచ్చు, అందుకే ముందుగా చెబుతున్నాను.

మాటలు మార్చడం ఈ నాటకంలో ఒక చోట మాత్రం మొదటినుంచీ అనుమతించిన సంగతే. కో-కో రంగప్రవేశం చేసి, లోకంలో ఎవరెవరి తలలు పోయినా ఎవరికీ లోటు ఉండదో ఒక జాబితా చదువుతాడు. రాజకీయ నాయకుల దగ్గరికి వచ్చేసరికి గిల్బర్ట్ పేర్లు రాయకుండా ‘ఫలానాయన’, ‘అదేమిటో ఆయన’ అన్న ధోరణిలో ఖాళీ వదిలాడు. నటుడు ఆ రోజు వార్తల్లో ఉన్నవారిని హావభావాలతో అనుకరించేవాడు. అందువల్ల ప్రతి కాలంలోనూ ఆ జాబితాను కొత్తగా రాసుకోవడం సంప్రదాయమైంది. ఈ వీడియోలో కో-కో వేసిన ఎరిక్ ఐడిల్, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందంలో ఒకడు, తన జాబితాను తానే రాసుకున్నాడు. అందులోవి 1980ల బ్రిటన్ సంగతులు. వాటిలో కొన్ని మీకు తగలకపోతే బాధపడకండి; ఆ పాట ప్రతిసారీ ఏదో ఒక రోజుకు చెందినది, ఈ వీడియోలో ఉన్నది ఆ రోజు. మీ ఇంట్లో అందరూ తలా రెండు పేర్లు చేర్చి తెలుగులో సొంత జాబితా కట్టుకుంటే, దాని నడక ఎంత గట్టిదో చేతికి తెలుస్తుంది.

ఐడిల్ శిక్షణ పొందిన ఆపెరా గాయకుడు కాడని కొందరు చిన్నచూపు చూస్తారు. చరిత్ర వారి వైపు లేదు. 1885లో కో-కో వేసిన జార్జ్ గ్రాస్‌స్మిత్ కూడా గొప్ప గాత్రం ఉన్నవాడు కాడు; సన్నని గొంతుతో, స్పష్టమైన ఉచ్చారణతో జనాన్ని నవ్వించే వినోదకారుడు. గిల్బర్ట్, సలివాన్ ఆ పాత్రను అతని కోసమే కట్టారు. చుట్టూ మంచి గాయకులను పెట్టి, మధ్యలో మాట నేర్చిన ఒక హాస్యగాణ్ని నిలబెట్టడం ఈ నాటకాల నిర్మాణ సూత్రం. మిల్లర్ బృందంలో అది చక్కగా కుదిరింది: యమ్-యమ్‌గా లెస్లీ గారెట్, నాంకి-పూగా బోనవెంచురా బొటోనె, పూ-బాగా రిచర్డ్ వాన్ ఆలన్, చక్రవర్తిగా రిచర్డ్ ఆంగస్, కటీషాగా ఫెలిసిటీ పామర్. వీరందరూ ఆపెరా వేదికల మీద పేరున్నవారే. వాద్యబృందాన్ని నడిపింది పీటర్ రాబిన్సన్. 1987లో థేమ్స్ టెలివిజన్ దీన్ని చిత్రీకరించింది.

సంగీతంలో ఏం వినాలో కూడా చెబుతాను, ఎందుకంటే నవ్వులో పడి సలివాన్‌ను మరిచిపోవడం చాలామంది చేసే పని. మొదటి అంకంలో కో-కో, పూ-బా, ఊరి పెద్దల్లో ఒకడైన పిష్-టష్ ముగ్గురూ ఎవరు చావాలన్న విషయంపై పాడతారు. ఒక్కొక్కరూ తమ తమ స్వభావానికి తగిన వేరు వేరు బాణీలో విడివిడిగా పాడి, ఆపైన ముగ్గురూ ఒకేసారి తమ బాణీలు తాము పాడితే అవి మూడూ ఒకదానితో ఒకటి అతికిపోతాయి. చివర్లో ఒకే అక్షరంతో మొదలయ్యే పదాలు ఊపిరి తిప్పుకోనివ్వకుండా వస్తాయి. మాటలు ముందు చదవమన్నది ప్రధానంగా ఈ చోటు కోసం. రెండో అంకంలో పెళ్లి వేళ నలుగురు పాడే పాట పదహారో శతాబ్దపు ఇంగ్లిష్ గానరీతిలో సంతోషంగా మొదలై, వరుడి ఆయుష్షు నెల రోజులేనన్న తలపుతో కన్నీళ్లలో ముగుస్తుంది. చక్రవర్తి ఊరిలోకి వచ్చేటప్పుడు వినిపించే పల్లవి మెయిజీ కాలపు నిజమైన జపనీస్ కవాతు పాట నుంచి తీసుకున్నది. ఆయన తన పాటలో జర్మన్ స్వరకర్త బాఖ్ పేరెత్తగానే వాద్యబృందంలో బాఖ్ రాసిన ఫ్యూగ్ అనే రకం స్వరరచన ఒకటి ఒక్క క్షణం మెరుస్తుంది. ఎవరూ మీకు దాన్ని వేలెత్తి చూపించరు, కనుక చెవి ఒగ్గి ఉండండి.

ఇక ఇంట్లో చేసుకోవలసిన ఏర్పాట్లు. డిస్క్ కొనేటప్పుడు ప్రాంతపు సంకేతం చూసుకోండి. అమెరికాలో అమ్మేవి 1, బ్రిటన్‌లోవి 2, భారతదేశపు ప్లేయర్లు 5. విదేశాల నుంచి బంధువులు పంపిన డిస్క్ మన ప్లేయర్‌లో ఆడకపోవడానికి సాధారణంగా ఇదే కారణం, డిస్క్ చెడిపోయిందనుకుని పారేయకండి. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉన్నాయో లేదో కొనే ముందే నిర్ధారించుకోండి. లేకపోతే నాటక పాఠం మొత్తం ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దాని మీద ఇప్పుడు హక్కులేమీ లేవు. పాటల వరకు ముద్రించుకుని చేతిలో పెట్టుకోండి. ఇది పాత టెలివిజన్ కొలతలో, అంటే నాలుగుకు మూడు నిష్పత్తిలో తీసిన చిత్రం. ఇప్పటి వెడల్పు తెర మీద నిండుగా కనిపించాలని సాగదీస్తే నర్తకులందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తారు. రెండు పక్కలా నల్లటి ఖాళీ ఉండనివ్వండి. తెల్లని రంగాలంకరణ కాబట్టి టీవీలో వెలుతురును కొంచెం తగ్గించాలి, లేకపోతే తెలుపు మీద మీగడ రంగు కలిసిపోయి లజారిడిస్ చేసిన పనంతా వృథా అవుతుంది. శబ్దం దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. టీవీలలో థియేటర్ అనుభూతి పేరుతో ఉండే ధ్వని అమరికలన్నీ ఆపేసి మామూలు స్టీరియోలో పెట్టండి, వీలైతే విడి స్పీకర్లకు కలపండి. వేగంగా పాడే పాటల్లో హల్లులు వినబడకపోతే ఏమీ వినబడనట్టే.

ఒకే ఊపులో చూడవద్దని నా సలహా. వీడియో రెండు గంటల పైచిలుకు ఉంటుంది. మొదటి అంకం కటీషా రాకతో, ఆమె నిజం బయటపెట్టబోతే ఊరంతా కలిసి ఆమె గొంతు వినబడకుండా పాడే పెద్ద బృందగానంతో ముగుస్తుంది. అక్కడ ఆపి భోజనం చేయండి. సావాయ్ ప్రేక్షకులు నచ్చిన పాటను మళ్లీ మళ్లీ పాడించుకునేవారు. రెండో అంకంలో యమ్-యమ్, నాంకి-పూ, కో-కో కలిసి తమ చిక్కును తలచుకుని పాడే చిన్న పాటకు డోయ్లీ కార్ట్ నటులు మళ్లీ పాడిన ప్రతిసారీ కొత్త చేష్టలు సిద్ధం చేసుకునేవారు. పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టి నటుణ్ని వెనక్కి రప్పించిన ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఆ హక్కు ఇంట్లో రిమోట్ రూపంలో ఉంది. సంకోచం లేకుండా వాడుకోండి. రెండోసారి విన్నప్పుడే మాటలు పూర్తిగా చెవిన పడతాయి.

మీ అమ్మాయి సంగతి. అసభ్యత ఏమీ లేదు. కానీ ఉరితాడు పట్టుకుని నాంకి-పూ రావడం, తలలు నరకడం, సలసల కాగే నూనె గురించి చక్రవర్తి ముచ్చటగా మాట్లాడటం, ప్రేమ దక్కక నీటిలో దూకి చనిపోయిన చిన్న పిట్ట పాట, ఇవన్నీ ఉన్నాయి. రంగస్థలం మీద ఎవరూ నిజంగా చావరని ముందే చెప్పండి. చావు గురించి పెద్దవాళ్లు కాగితాల భాషలో మాట్లాడటమే ఇక్కడ పరిహాసమని చెబితే పన్నెండేళ్ల పిల్లకు బాగానే అర్థమవుతుంది. నాకు ఇబ్బంది కలిగించేది వేరే విషయం. వయసు మీరిన స్త్రీ ప్రేమను కోరుకోవడమే నవ్వులపాలు కావలసిన విషయమన్నట్టు గిల్బర్ట్ కటీషాను రాశాడు. ఆయన చాలా నాటకాల్లో ఇదే చేశాడు. సలివాన్ మాత్రం ఆ ధోరణికి లొంగలేదు. రెండో అంకంలో కటీషా ఒంటరిగా మిగిలినప్పుడు ఆమెకు ఆయన ఇచ్చిన పాట ఏ గంభీరమైన ఆపెరాలోనైనా నిలబడుతుంది, ఫెలిసిటీ పామర్ దాన్ని పరిహాసపు నీడ పడనివ్వకుండా పాడింది. ఆ పాట తరువాత వీడియో ఆపి, మాట ఒక తీర్పు చెబితే సంగీతం దాన్ని ఎలా తోసిపుచ్చిందో అమ్మాయితో మాట్లాడండి.

ఇదంతా నచ్చితే, అప్పుడు పాత పద్ధతి వైపు వెళ్లండి. డోయ్లీ కార్ట్ బృందంతోనే 1967లో వచ్చిన సినిమా ఉంది. కో-కోగా జాన్ రీడ్, చక్రవర్తిగా డొనాల్డ్ ఆడమ్స్, యమ్-యమ్‌గా వాలరీ మాస్టర్సన్. ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరిన విసనకర్ర విసురులు, భంగిమలు అందులో భద్రంగా ఉన్నాయి. ముఖాలకు పూసిన రంగు కూడా అందులో ఉంది, దాని గురించి అమ్మాయికి మీరు అప్పటికే చెప్పి ఉంటారు. రెండింటిలోనూ ముగ్గురు అక్కాచెల్లెళ్లు బడి నుంచి వచ్చి పాడే పాటను పక్కపక్కనే పెట్టి చూడండి. ఒకదానిలో కిమోనోలు, మరొకదానిలో బడి యూనిఫాం. స్వరం, అక్షరం మాత్రం రెండింటిలోనూ ఒకటే. డొనాల్డ్ ఆడమ్స్ పాడిన చక్రవర్తి పాటను తప్పకుండా వినండి. పాట మధ్యలో ఆయన నవ్వే నవ్వు ఎంత ప్రసిద్ధమో, అంత భయంకరం. అక్కడ మాత్రం నా ఓటు పాత ప్రదర్శనకే.